ఆటోనగర్ కుర్రాళ్లకు పని మానకుండా చదువుకునే కళాశాల కావాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర నుంచి మీ పత్రిక జిల్లా పేజీల్లో ఐటీఐ ప్రవేశాల వార్తలు వరుసగా కనిపిస్తున్నాయి. మోటారు మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడుల్లో పిల్లలు చేరాలని అధికారులు కోరుతున్నారు. అది మంచిదే. అయితే విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా లారీలు, కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నవాడిగా, ఈ వార్తల్లో ఎక్కడా చోటు దొరకని కొందరి గురించి మీ పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను. చదువు మధ్యలో మానేసో, పదో తరగతి గట్టెక్కినా ఇంట్లో జరుగుబాటు లేకనో షెడ్లలో హెల్పర్లుగా చేరి, ఇప్పుడు ఇరవై, పాతికేళ్ల వయసులో ఉన్న కుర్రాళ్లు వాళ్లు. పని మానకుండా వాళ్లు చదువుకోగలిగే ఒక కళాశాల, అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటారే ఆ తరహాలోది, ఆటోనగర్‌కు దగ్గరలో ఏర్పడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1960ల్లో ఏర్పడిన ఈ ఆటోనగర్‌లో మోటారు బండికి సంబంధించి దొరకని పని లేదు. ఇంజన్ బోరు చేసేవారు, కమాను కట్టలు వేసేవారు, డీజిల్ పంపులు సరిచేసేవారు, రేడియేటర్ల వారు, లేత్ పనివారు, టింకరింగ్, పెయింటింగ్, లారీ బాడీలు కట్టేవారు, సీట్లు కుట్టేవారు, ఇలా ఎవరి విద్య వారికి ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు మొదట పానాలు అందిస్తాడు, విప్పిన సామాను డీజిల్‌లో కడుగుతాడు. కొన్నాళ్లకు ఏ బోల్టుకు ఏ నంబరు పానా పడుతుందో చూడకుండానే చేతికి తెలుస్తుంది. తరువాత బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేటు, ఆపైన గేరు బాక్సు దించి విప్పే ధైర్యం వస్తాయి. బేరింగు పోయిందో, గేరు పన్ను విరిగిందో మోత విని చెప్పగలిగిన మేస్త్రీలు ఈ వీధుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఈ గురుకులాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఆంధ్రదేశంలో తిరిగే లారీలు ఎన్నో దశాబ్దాలుగా ఈ చేతుల మీదనే నడిచాయి.

ఇప్పుడు బండి మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బండ్ల పొగ కాలుష్యాన్ని అదుపుచేసే బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఒకప్పుడు డ్రైవరు వచ్చి ‘మేస్త్రీ, బండి లోడు లాగడం లేదు’ అంటే ఫిల్టర్లు, పంపు, నాజిళ్లు, టర్బో, ఈ నాలుగింటి చుట్టూ వెతికితే లోపం దొరికేది. ఈనాటి లారీలో అదే మాటకు ఇంకో రకం కారణం కూడా ఉండవచ్చు. పొగగొట్టంలో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి 32.5 శాతం యూరియా కలిసిన ద్రావణాన్ని చిమ్మే ఏర్పాటు ఉంటుంది. ఆ ద్రావణం అయిపోయినా, నాసిరకం పోసినా, చిమ్మే నాజిల్ దగ్గర తెల్లటి పెచ్చులు కట్టి మూసుకుపోయినా, కొలిచే సెన్సార్ తప్పు చెప్పినా, హెచ్చరికను పట్టించుకోకుండా బండిని నడిపితే ఇంజన్ కంప్యూటర్ తానే శక్తిని తగ్గించేస్తుంది. ఇంజన్‌లో ఏ దోషమూ ఉండదు. అయినా పాత అలవాటు కొద్దీ పంపు విప్పుతారు, నాజిళ్లు మారుస్తారు. యజమానికి డబ్బు పోతుంది, కిస్తీ కట్టవలసిన బండి రోజుల తరబడి షెడ్డులో నిలబడిపోతుంది. చివరికి కుర్రాడికి చెడ్డపేరు వస్తుంది.

బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ కొంటే సరిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. ఈ అపోహ పోవాలి కనుక ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెప్పడానికి అనుమతించండి. పెట్రోలు కారులో ఇంజన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పీ0171 అనే కోడ్ వచ్చింది. లోపలికి వచ్చే గాలికి సరిపడా పెట్రోలు లేదు, మిశ్రమం పలచబడింది అని మాత్రమే దాని అర్థం. కారణం ఏమిటో అది చెప్పదు. పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సారే ఈ సంగతి కంప్యూటర్‌కు చేరవేస్తుంది కనుక, కబురు తెచ్చిన ఆ సెన్సార్‌నే తీసి కొత్తది వేయడం తరచుగా జరుగుతున్నది. వేల రూపాయల సెన్సార్ మారుతుంది, నాలుగు రోజులకు లైటు మళ్లీ వెలుగుతుంది. చదువుకున్న టెక్నీషియన్ అదే స్కానర్‌లో ఇంకో అంకె చూస్తాడు. లోటు పూడ్చడానికి కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు అదనంగా ఇస్తున్నదో ఆ అంకె చెబుతుంది. బండి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, ఉన్నప్పుడు అది 20 శాతం దాటి, 2500 ఆర్‌పీఎంకు పెంచగానే మామూలు స్థాయికి వచ్చిందంటే, గాలిని కొలిచే సెన్సార్ దాటిన తరువాత ఎక్కడో గొట్టం చిట్లి దొంగగాలి లోపలికి పోతున్నదని అర్థం. ఐడిల్‌లో సన్నటి గాలిప్రవాహానికి ఆ చిల్లు పెద్దది, వేగం పెరిగాక వచ్చే గాలితో పోలిస్తే చిన్నది. అలా కాక వేగం పెరిగేకొద్దీ ఆ శాతం కూడా పెరిగితే చూపు పెట్రోలు పంపు వైపు, ఫిల్టర్ వైపు మళ్లించాలి. కొద్దిపాటి ఖరీదు చేసే రబ్బరు గొట్టమో, వేలు పోసి కొనే సెన్సారో తేల్చేది ఈ ఆలోచన. ఇది చేత్తో పట్టుకుంటే వచ్చే విద్య కాదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి, బల్ల మీద కాగితం పెట్టి నేర్పాలి. మా కుర్రాళ్లకు అలా నేర్పేవారు లేరు. నేర్పితే వాళ్లకు ఎంత త్వరగా అర్థమవుతుందో నేను కళ్లారా చూశాను, ఎందుకంటే ఆ గొట్టం ఎక్కడ ఉంటుందో, ఎక్కడ చిట్లుతుందో వాళ్లకు ముందే తెలుసు.

ఐటీఐల సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. 1950లో మొదలైన వృత్తి పనివారి శిక్షణ పథకం (క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్) కిందనే ఇవి నడుస్తున్నాయి. మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ ట్రేడు కూడా వచ్చింది. పాఠ్యప్రణాళికలో లోటు లేదు. కానీ అక్కడ నుంచి మా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది స్టాండు మీద బిగించిన పాత ఇంజన్ తప్ప రోడ్డు మీద తిరిగి చెడిపోయి వచ్చిన బండిని ముట్టుకోలేదు. తుప్పు పట్టిన బోల్టు, ముందొక చేయి పడి కలగాపులగమైన వైరింగ్, సాయంత్రానికి బండి కావాలని నెత్తిన నిలబడిన యజమాని, ఇవేవీ తరగతి గదిలో ఉండవు. షెడ్డు కుర్రాడికి చేయి ఉంది, చదువు లేదు. ఐటీఐ పిల్లవాడికి చదువు ఉంది, చేయి ఇంకా రాలేదు. ఈ ఇద్దరూ ఒకే బండి చుట్టూ నిలబడి నేర్చుకునే చోటు మన ఊళ్లో నాకు కనిపించలేదు.

అమెరికా పేరు ఎత్తడానికి కారణం ఉంది. మా షెడ్డులో కొన్నాళ్లు పని నేర్చుకుని, తరువాత కుటుంబంతో అక్కడికి వెళ్లిన మా బంధువుల అబ్బాయి ఒక కమ్యూనిటీ కాలేజీలో వాహన మరమ్మతు కోర్సులో చేరాడు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైన ఈ తరహా ప్రభుత్వ కళాశాలలు ఇప్పుడు ఆ దేశమంతటా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసుకునేవారికి తక్కువ రుసుముతో, సాయంత్రం పూట కూడా చదువు చెప్పడం వాటి ప్రత్యేకత. కోరుకున్నవారు ఏడాదిలో సర్టిఫికెట్, రెండేళ్లలో అసోసియేట్ డిగ్రీ తీసుకోవచ్చు. అదే రెండేళ్ల చదువులో కొంత భాగం పూర్తిచేసి మధ్యలో ఆగినా, చదివినంత వరకు లెక్కకు వస్తుంది. జనరల్ మోటార్స్ సంస్థ 1979 నుంచి ఈ కళాశాలలతో కలిసి నడుపుతున్న శిక్షణలో విద్యార్థి కొన్ని వారాలు తరగతిలో, కొన్ని వారాలు డీలరు వర్క్‌షాపులో గడుపుతాడు.

అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ల పరీక్షల పద్ధతి. 1972లో ఏర్పడిన ఏఎస్ఈ అనే జాతీయ సంస్థ కార్ల పనిని ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు, మాన్యువల్ గేర్లు-యాక్సిళ్లు, సస్పెన్షన్-స్టీరింగ్, బ్రేకులు, ఎలక్ట్రికల్, ఏసీ, ఇంజన్ పనితీరు అని ఎనిమిది విభాగాలుగా చేసి వేర్వేరుగా పరీక్ష పెడుతుంది. పరీక్ష నెగ్గినంత మాత్రాన పట్టా చేతికి రాదు. రెండేళ్ల పని అనుభవం చూపాలి, చదువుకున్నవారికి అందులో ఒక ఏడాది మినహాయింపు దొరుకుతుంది. అయిదేళ్లకోసారి మళ్లీ నిరూపించుకోవాలి. చేతికీ చదువుకూ సమానంగా విలువ కట్టిన ఏర్పాటు ఇది. అక్కడా ఇబ్బందులు లేకపోలేదు, పనిముట్లు చాలాచోట్ల మెకానిక్ సొంతంగా కొనుక్కోవాలి, దాని కోసం అప్పులు చేసేవారూ ఉన్నారు. ఆ భాగం మనం తెచ్చుకోనక్కర లేదు.

ఆ అబ్బాయి చెప్పిన ఒక విషయం మాత్రం ఇక్కడ వెంటనే మొదలుపెట్టవచ్చు. బండి మీద చేయి వేసిన ప్రతిసారీ విద్యార్థి మూడు సంగతులు రాయాలి: బండి యజమాని చెప్పిన ఫిర్యాదు, తాను కనిపెట్టిన కారణం, చేసిన మరమ్మతు. రాయలేని మరమ్మతుకు మార్కులు లేవు. మన షెడ్లలో ఏ బండికి ఏం చేశామో మేస్త్రీ జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆయనతోపాటే పోతుంది. తెలుగులోనే ఈ మూడు ముక్కలు రాయడం అలవాటైతే కుర్రాడు ఆలోచించే తీరు మారుతుందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే కారణం అన్న గడి ఖాళీగా ఉన్నంతసేపూ సామాను మార్చడానికి చేయి రాదు.

మన దేశంలో ఇందుకు దారులు లేవని కాదు. 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో యూజీసీ కమ్యూనిటీ కళాశాలల పథకం తెచ్చింది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం పని అనుభవాన్ని కూడా చదువు లెక్కలో కలుపుకోవచ్చని చెబుతున్నది. ముందే వచ్చిన నైపుణ్యాన్ని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. అయితే అది ఉన్న విద్యకు ముద్ర వేస్తుందే తప్ప లేని విద్యను నేర్పదు. ఇక 1961 నాటి అప్రెంటిస్ చట్టం. శిక్షణ కాలంలో ఇచ్చే భృతిలో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించే పథకం 2016లో వచ్చింది. కానీ 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి, 4 నుంచి 29 మంది ఉన్నచోట ఇష్టమైతే తీసుకోవచ్చు. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లతో నడిచే షెడ్లు ఎన్ని ఉన్నాయో ఒక్క వీధి నడిచి చూసినా తెలుస్తుంది. అసలు విద్య ఎక్కడ నేర్పుతున్నారో ఆ చోటికే పథకం చేరడం లేదు. ఇలాంటి షెడ్లను ఒక కళాశాల కింద బృందంగా నమోదు చేసి, ఆ బృందాన్ని ఒక సంస్థగా పరిగణిస్తే ఈ చిక్కు వీడుతుంది. ఈ మార్పు కోరుతూ రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి రాయాలి.

కళాశాల అంటే కొత్త భవనం, శంకుస్థాపన అక్కరలేదు. విజయవాడలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ప్రభుత్వ ఐటీఐ ఉంది, వాటి వర్క్‌షాపులు ఉన్నాయి. పని చేసుకునేవారికి అనగానే అందరూ సాయంత్రం తరగతులు అంటారు. మా వృత్తిలో అది కుదరదు. సాయంత్రమే బండి అప్పజెప్పే వేళ, రాత్రికి లోడు ఎక్కించాలని యజమాని తొందరపెడుతుంటే తరగతికి వెళ్తానని ఏ కుర్రాడూ అనలేడు, ఏ మేస్త్రీ పంపడు. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు తరగతి పెడితే షెడ్డు తెరిచే వేళకు కుర్రాడు వచ్చేస్తాడు. ఇదే మొదటి షరతుగా పెట్టుకోవాలని మనవి.

ఏం నేర్పాలన్న దానిలో కూడా వరస మార్చాలి. వీళ్లకు ఇంజన్ విప్పడం నుంచి పాఠం మొదలుపెడితే విసుగుపుడుతుంది, అది వాళ్లకు వచ్చు. మొదటి ఆరు నెలలూ కరెంటు నేర్పాలి. సెల్ఫ్ కొడితే ఇంజన్ బరువుగా తిరుగుతున్నదని బండి వస్తుంది. బ్యాటరీ మారుస్తారు, సెల్ఫ్ దించి విప్పుతారు, లోపం అలాగే ఉంటుంది. మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొడుతూ చూస్తే పావు వోల్టుకు అటూ ఇటూ ఉండవలసిన చోట ఒక వోల్టు చూపితే ఎర్త్ కేబులు పాడైందని తేలిపోతుంది. అదే కేబులును విప్పి మీటరుతో నిరోధం కొలిస్తే బాగానే ఉన్నట్టు చూపుతుంది, ఎందుకంటే నాలుగు తీగలు మిగిలినా మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకు అవి చాలు, సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లకు చాలవు. భారం మీద ఉన్నప్పుడే కొలవాలన్న ఈ ఒక్క సూత్రం పట్టుబడితే సగం కరెంటు పనులు తేలికవుతాయి. ఆ తరువాత సెన్సార్లు, కంప్యూటర్ల మధ్య నడిచే క్యాన్ తీగలు. రెండు చివర్లా 120 ఓముల నిరోధాలు ఉన్నప్పుడు బ్యాటరీ తీసి కొలిస్తే 60 ఎందుకు చూపాలో, 120 చూపితే ఏ అర్థమో తెలిసినవాడు మొత్తం వైరింగు చీల్చుకుంటూ పోడు.

ఎలక్ట్రిక్ బండ్ల పాఠం ఐచ్ఛికం కాకూడదు, అది ప్రాణాలతో ముడిపడిన వ్యవహారం. 12 వోల్టుల తీగను వేలితో తాకి చూసే అలవాటు మా వీధుల్లో సర్వసాధారణం. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు తీగల్లో వందల వోల్టులు ఉంటాయి. బ్యాటరీ సరఫరాను తెంచే సర్వీసు ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లు ఖాళీ కావడానికి కంపెనీ చెప్పిన నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా అని రూఢి చేసుకుని, 1,000 వోల్టుల వరకు తట్టుకునే రబ్బరు చేతితొడుగులు చిల్లు లేవని చూసుకుని వేసుకున్నాకే చేయి పెట్టాలి. ఈ సంగతి తెలియని కుర్రాడి ముందుకు ఆ బండి ఏ ఉదయమైనా రావచ్చు. ప్రమాదం జరిగాక ఎక్స్‌గ్రేషియా ప్రకటించే బదులు ముందే ఈ పాఠం చెప్పించమని వేడుకుంటున్నాను.

తోటి షెడ్డు యజమానులకు ఒక మాట. చదివిస్తే కుర్రాడు కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లిపోతాడని మనలో చాలామంది భయం. కొందరు వెళ్తారు, వెళ్లనివ్వాలి. ఉన్నవాళ్లతోనే కొత్త బండ్లు మన గేటు లోపలికి వస్తాయి. చదివించకపోతే కుర్రాడు ఉంటాడు, బండి రాదు. తల్లిదండ్రులకూ ఒక విన్నపం ఉంది. ‘చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తాను’ అని పిల్లల్ని బెదిరించడం దయచేసి మానండి. ఆ మాట విని పెరిగిన పిల్లవాడు షెడ్డులో అడుగుపెట్టేసరికే తాను ఓడిపోయానని అనుకుంటున్నాడు. వాడికి పని నేర్పడం కంటే ఆ దిగులు పోగొట్టడం మాకు కష్టమవుతున్నది. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టడం నేరమన్న సంగతి మాత్రం అటు తల్లిదండ్రులూ, ఇటు మా వాళ్లూ మరువరాదు.

పదో తరగతి పూర్తికాని కుర్రాళ్లు ఈ కోర్సు చదువుతూనే సార్వత్రిక పాఠశాల ద్వారా ఆ పరీక్ష రాసే వీలు కల్పించాలి. పాఠాలు తెలుగులో ఉండాలి, టార్క్, సెన్సార్, రిలే వంటి మాటలు ఉన్నవి ఉన్నట్టే వాడుకోవచ్చు, వాటితో మాకు ఇబ్బంది లేదు. వారంలో ఒక తరగతి ఆటోనగర్‌లోని పేరున్న మేస్త్రీల చేత చెప్పించి, వారికి డిగ్రీ లేదన్న వంకతో పారితోషికం ఆపకుండా చూడాలి.

కార్మిక, ఉపాధి శిక్షణ శాఖ, సాంకేతిక విద్యాశాఖ, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, ఆటోనగర్ ఐలా (పారిశ్రామికవాడ స్థానిక పాలన సంస్థ), ఇక్కడి వృత్తి సంఘాలు ఒక్కసారి ఒకే గదిలో కూర్చుంటే రాబోయే విద్యా సంవత్సరానికి ముప్పై మందితో ఒక తరగతి ప్రారంభించడం అసాధ్యమేమీ కాదు. మా షెడ్డు పైఅంతస్తులో ఉన్న హాలును ఉదయం పూట తరగతికి అద్దె లేకుండా ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పాఠానికి పనికివచ్చే ఒక బీఎస్-4 ఇంజన్, దాని పూర్తి వైరింగు, కంప్యూటరుతో సహా విడిగా తీసి ఉంచాను. సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా స్పందిస్తే, తక్కిన యజమానుల నుంచి కూడా ఇలాంటి సామాను సేకరించి అప్పగించే బాధ్యత తీసుకుంటాను.

భవదీయుడు,
ఒక షెడ్డు యజమాని,
జవహర్ ఆటోనగర్, విజయవాడ